మిషన్ లైటు

అమ్మాయీ, నువ్వింకా నిద్రలో ఉన్నావు. కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్తున్నాను. నా కుట్టుమిషన్ లైటు ప్లగ్గు ఎవరినీ తియ్యనివ్వకు. మీ ఆయన ఫోన్ ఛార్జింగ్ కోసం పీకేస్తుంటాడు.

ఆ లైటుకి కలిపిన తలుపు బెల్లు సర్క్యూట్ పెట్టడానికి నా సూదుల డబ్బా అడక్కుండా లాగేసుకున్నావు. సూదులు నీ కాఫీ కప్పులో పోశాను, చూసుకో.

"ఇలాంటి బెల్లు బజార్లో దొరుకుతుందిగా" అంటాడు మావాడు. నా చూపు రోజంతా ఆ లైటు కిందే ఉంటుందని బజారువాడికేం తెలుసు? నువ్వది కనిపెట్టావు. నాకు చెవులు వినబడడం మానేశాక, ఎవరైనా తలుపు తీసుకుని లోపలికొస్తేగానీ ఎవరొచ్చారో తెలిసేది కాదు. నిన్న లైటు మూడుసార్లు మిణుకుమంది. బయట బెల్లు మీద మూడు నొక్కులంటే నువ్వే. లేవకముందే నవ్వొచ్చింది.

అత్తయ్య

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక, తాళంచెవి చేతిలో ఉన్నా సరే, బెల్లే నొక్కు.