మూడు పూటలా మందు

మామిడికుదురు, సోమవారం

అక్కయ్యకి తమ్ముడు దొరబాబు నమస్కరించి రాసేది. ఇక్కడ నేను తప్ప అందరూ క్షేమం.

గొంతు పూర్తిగా పోయింది. ఫోనెత్తితే గాలి తప్ప మాట రావట్లేదు. అందుకే కొత్తపేట మీదుగా వెళ్ళే కొబ్బరికాయల లారీ ప్రసాద్ చేతికి ఈ కాయితం ఇచ్చేను. నాలుగు రోజులుగా ఒళ్ళు నా స్వాధీనంలో లేదు. కళ్ళు ఎర్రబడ్డాయి, నడిస్తే తూలుతున్నాను. మీ మరదలు నన్ను కొట్టుగదిలోకి పంపేసి, కంచం గుమ్మం దగ్గర పెట్టి వెళ్తోంది. మూడు పూటలా మందు తాగుతున్నాను. అదొక్కటే కాస్త హాయి.

ఇట్లు, దొరబాబు

తా.క. కొలిచి పోసేది మీ మరదలే.

కొత్తపేట, మంగళవారం

దొరబాబుకి అక్క విజయదుర్గ ఆశీస్సులు, ఈసారికి సగమే.

ఒంట్లో షుగరు పెట్టుకుని ఇదేం పోయేకాలం? మన నాన్నగారు సోడా కూడా తాగి ఎరగరు. అరవై దాటేక నీకు మందు కావలసి వచ్చిందా? లక్ష్మీదుర్గ పోస్తోందంటే దానికి ఎంత విసుగొచ్చిందో. ఈ రోజే మానెయ్.

ఇట్లు, అక్క

తా.క. ఈ ఉత్తరం చదివేటప్పుడు తూలకుండా కూర్చుని చదువు.

మామిడికుదురు, బుధవారం

అక్కయ్యకి నమస్కారాలు. కూర్చునే చదివేను.

నీకు ఇంగ్లీషు మందంటే పడదని తెలుసు. కానీ నా అంతట నేను మొదలెట్టలేదు. అమలాపురంలో డాక్టరు సత్యదుర్గారావు గారు మొదలెట్టించేరు. షుగరున్నవాళ్ళు సొంత తెలివితో మానకూడదన్నారు. నాకోసం వెతికి షుగరు లేని మందు ఇచ్చేరు. నీళ్ళు కూడా బాగా తాగమన్నారు. నాలుగు గంటలకోసారి వేలు పొడిచి షుగరు చూసుకుంటున్నాను.

ఇట్లు, నీ మాట ఎప్పుడూ వినే తమ్ముడు

తా.క. బావగారికి పనికొస్తుందంటే ఓ సీసా పంపిస్తాను.

కొత్తపేట, శుక్రవారం

చిరంజీవి దొరబాబుకి అక్క నిండు ఆశీస్సులు.

నీ ఉత్తరంలో సీసా మాట విని మీ బావగారు చొక్కా తొడుక్కుంటుంటే ఆయన్ని కూర్చోబెట్టి, నేనే అమలాపురం బస్సెక్కేను. ఆ డాక్టర్ని కడిగేద్దామనే వెళ్ళేను.

"మా తమ్ముడికి మందు అలవాటు చేసింది మీరేనా అండీ?"

"ఆయ్, నేనేనండి. దగ్గు తగ్గిందాండీ?"

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వైరస్ జ్వరమట, దగ్గు మందట, అన్నీ ఆయనే చెప్పేరు. జ్వరంలో షుగరు దానంతటదే పెరుగుతుందట. తిండి తగ్గినా షుగరు బిళ్ళలు మానాలా వద్దా అన్నది డాక్టర్నే అడగాలట. ఆయాసం వస్తే ఆగకుండా వచ్చేయాలట. అంతా విని లేస్తుంటే నాకే దగ్గు తెర వచ్చింది.

"ఎన్నాళ్ళనుంచండీ?" అన్నారు.

"వారమండి. బెల్లం కషాయం పూటకి రెండు లోటాలు తాగుతున్నానండి."

నా వేలు పొడిచి చూసేరు. మూడు వందల పాతిక. నాకు షుగరుందని అరవై ఆరేళ్ళొచ్చేక తెలిసింది. అదీ నిన్ను తిట్టడానికి వెళ్ళబట్టి.

భయపడకు. ఈ రోజు చాలా తగ్గింది. నీతో పాటు నేనూ మందు మొదలెట్టేను. ఇద్దరం కోలుకున్నాక ఏటేటా ఫ్లూ టీకా వేయించుకోవాలన్నారు, కలిసే వెళ్దాం.

ఇట్లు, కొట్టుగదిలోంచి అక్క

తా.క. మీ బావగారు పెళ్ళయ్యేక మొదటిసారి అన్నం వండేరు. అది ముద్దకట్టి అందులో చెంచా నిలబడింది. అన్నం తగ్గించమన్న డాక్టరుగారి మాట సులువుగా పాటిస్తున్నాను.