ఒప్పుకున్న తర్వాత

శనివారం, సెంగ్‌కాంగ్

మా అనఘ హిస్టరీ ప్రాజెక్టు ప్యూరిటన్ల మీద. ఒకప్పుడు అమెరికాలో వాళ్లు తప్పు చేసినవాళ్లను చర్చిలో అందరి ముందూ నిలబెట్టి ఒప్పుకోమనేవారని నేనే చదివి వినిపించాను.

"నువ్వూ సేమ్ లా అమ్మా. ఫ్యామిలీ కాల్‌లో," అంది తన సింగపూర్ యాసలో, తలెత్తకుండా.

నిజమే. ట్యూషన్ ఎగ్గొట్టి అబద్ధం చెప్పిందని పోయిన ఆదివారం దాన్ని ఫోను ముందు నిలబెట్టి, అమ్మమ్మకీ పిన్నివాళ్లకీ సారీ చెప్పించాను. మా అమ్మ నన్ను పెంచిన పద్ధతే అది.

"ఒప్పుకున్నాక వాళ్లు మళ్లీ చర్చిలో కలుపుకునేవారంట కదా. మరి అమ్మమ్మ నాతో ఇంకా మాట్లాడట్లేదే?"

సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. "పరువు తీసింది. దాని పేరెత్తకు," అని పెట్టేసింది.

"అమ్మమ్మ ఏమంది?" గుమ్మంలో నిలబడి అడిగింది అనఘ.

గుడికి వెళ్లిందటమ్మా అని అబద్ధం చెప్పాను.