రాజపూజ్యం ఆరు, అవమానం ఒకటి

బావా,

నువ్వు లేని మొదటి ఉగాది ఇది. పంచాంగం చదివిన పంతులుగారు నా రాశికి రాజపూజ్యం ఆరు, అవమానం ఒకటి అన్నారు. ఒకటే కదా, ఏడాది చివర్లో చూసుకుందాంలే అనుకున్నాను.

నువ్వు పోయాక పిల్లకాలువ తూము తాళం నాకిచ్చారు. చివరి చేనుకే ముందు నీరన్నది నీ పద్ధతి. కొత్త ఏడాది నుంచి నేనూ అలాగే నడుచుకుంటానని పచ్చడి తింటూ నీ ఫొటోకి చెప్పాను. అందులో వేపపువ్వు మీ చెల్లెలు ఎప్పటిలాగే ధారాళంగా వేసిందనుకో, అది వేరే కథ. రెండో పంట, దాళ్వా చేలు పాలుపోసుకుంటున్నాయి, పైనుంచి కాలువకు నీళ్ళు కట్టేసే రోజు దగ్గరపడింది. చెప్పిన గంటకే కిందికి పోయే తూము మూసి, నీరంతా నా చేలోకి మళ్ళించాను.

చివరి చేను సత్తిబాబు వచ్చాడు.

"మాకు నీరు రావట్లేదండీ."

"తూము తలుపు తుప్పుపట్టి బిగుసుకుపోయిందయ్యా."

"ఆయ్, గునపం తెచ్చేనండి. రండి, ఇద్దరం పట్టి లేపేద్దాం."

అబద్ధానికి సాయంగా గునపం తెస్తారని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. వెళ్ళక తప్పలేదు. తాళం తీసి చెయ్యి వెయ్యగానే తలుపు సులువుగా లేచింది. మొన్ననే కొత్తపేట నుంచి గ్రీజు తెచ్చి రాసింది నేనే కదా. నీరు కిందికి పరుగెత్తింది. సత్తిబాబు వేలికంటిన గ్రీజు చూసుకున్నాడు.

"తమరి చెయ్యి పడగానే వదిలేసిందండీ."

నువ్వైతే నాలుగు తిట్టేవాడివి. అతను గునపం భుజానేసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళాడు. పంతులుగారు చూస్తే అది రాజపూజ్యమనేవారు. ఇంటికొచ్చి తాళంచెవి మేకుకు తగిలించాను బావా, పక్కనే ఉన్న నీ ఫొటో వైపు చూడకుండా.