మూడో రోజు కాయలు

చెల్లెమ్మకు అన్నయ్య ఆశీస్సులు.

మొహం చూసి చెప్పలేక రాస్తున్నాను. నా సంగతి తెలిసిందే, పది మాటలు కావలసిన చోట నాకు ఒక్కటే వస్తుంది.

మొన్న కీరదోస బుట్టలతో నీ కొట్టుకు వచ్చినప్పుడు ఒకావిడ "చేదుండవు కదా?" అంది. నువ్వు కాయ తల కోసి, ముక్క నోట్లో వేసుకుని, "మా అన్న నోరు విప్పడు గానీ వదినా, ఆయన కాయ మాత్రం తియ్యగా మాట్లాడుతుంది" అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ కాయలకు మందు కొట్టి అప్పటికి మూడు రోజులే అయింది.

కొట్టాక వారం ఆగి కొయ్యాలని డబ్బా మీద ఉంది. వారం ఆగితే కాయ ముదిరి గింజ కడుతుంది, ఎవరూ ముట్టరు. అందుకని మూడో రోజే కోస్తాను. నాలుగేళ్ళుగా ఇంతే. పురుగు మొండికేసిన కొద్దీ మందు చిక్కన చేశాను. కొన్నవాళ్ళు కడుక్కుంటారులే, చెక్కు తీస్తారులే అని సరిపెట్టుకున్నాను. నువ్వు పూటకు ముప్పై ముక్కలు చెక్కుతోనే నములుతావని తెలిసి కూడా.

నీకు చేతులు వణుకుతున్నాయనీ, చూపు మసకేస్తోందనీ బావ చెప్పాడు. డాక్టరు నీరసమని టానిక్కు రాశాడట. నీరసం కాదేమోనమ్మా. మందు పేరు ఈ కాగితం వెనక రాశాను. ఆయనకు చూపించు.

బుట్టల బండివాడి చేతికిస్తున్నాను.

నోరులేని నీ అన్నయ్య


అన్నయ్యా,

నీ కాగితం నీకే పంపుతున్నాను. దాచుకోవడానికి భయమేసింది, చింపడానికి మనసు రాలేదు.

నాకు తెలియదనుకున్నావా? బుట్ట దించగానే వాసన వస్తుంది. కొంగుతో తుడిచి కొరుకుతాను. నేను కొరక్కపోతే ఎవరు కొంటారు? ఆ డాక్టరు భార్య మన దగ్గరే కొంటుంది. ఆయనకు చెబితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. నీ చేనూ నా కొట్టూ రెండూ మూతే.

ఇంకో మాట. ఏడాదిగా నా నాలుకకు చేదు తెలియడం లేదు. తీపీ తెలియదు. కూరలో ఉప్పు చెంచాతో కొలిచి వేస్తున్నాను. "తియ్యగా ఉంది" అనడం నోటికి అలవాటైపోయింది, అంతే. మీ బావకు చెప్పకు.

బెంగపెట్టుకోకు. గురువారం బుట్టలు రెండు ఎక్కువ పంపు.

నీ చెల్లెలు


చెల్లెమ్మా,

నీ రాత నాలుగుసార్లు చదివాను. ఐదోసారి చదవలేకపోయాను.

గురువారం బుట్టలు రావు. కోసినవన్నీ గొయ్యి తీసి పూడ్చాను. మందు డబ్బా సంచిలో పెట్టుకుని రేపు మొదటి బస్సుకు వస్తున్నాను. నువ్వు రానంటే రెక్క పట్టుకుని తీసుకెళతాను. డాక్టరుకు నేనే చెబుతాను. ఆయన భార్య వింటే విననీ, ఆవిడా తిన్నదే కదా.

చెప్పాల్సిన మాటలు పొద్దుటినుంచి చేలో పైకి అనుకుని చూసుకుంటున్నాను. "నేనేనయ్యా, మూడో రోజే కోశాను" అన్నదాకా వస్తోంది. ఆ తర్వాత ఆయన "ఇన్నాళ్ళూ ఏం చేశావు?" అంటే ఏమనాలో, ఎంత వెతికినా మాట దొరకలేదు.

నీ అన్నయ్య