మంట లేని డబ్బా

నవంబరు 3
పనిచేసింది! స్టీలు డబ్బా అడుగున రాతిసున్నం, దాని మీద నీళ్లు — బుసబుసా పొంగింది. పైగిన్నెలో సంగటి పొగలు కక్కింది. అమ్మ వేలు పెట్టి చటుక్కున తీసేసింది. నవ్వింది.
అమ్మ టమోటాలు ఏరే మండీలో అగ్గిపుల్ల కూడా గీయనివ్వరు. చుట్టూ గడ్డి, కాగితాలు, ప్లాస్టిక్ క్రేట్లు. తెల్లారకముందే మదనపల్లె వ్యాను ఎక్కుతుంది, మధ్యాహ్నానికి రాయిలా గట్టిపడిన సంగటి తింటుంది. ఇకమీదట తినదు.
పావనికి చూపించాను. బెంచీలో నా పక్కనే కదా, అన్నీ తనకే ముందు. ప్రతిదీ అడిగి తెలుసుకుంది.

నవంబరు 6
తేలిగ్గా ఉంటుందని బడిలో పాత అల్యూమినియం డబ్బాతో చేసి చూశాను. సున్నంనీళ్లు తగలగానే ఒకటే బుడగలు. డబ్బా లోపల నల్లగా, గుంటలు గుంటలుగా... సైన్సు చెప్పే రెడ్డప్ప సార్ పరుగున వచ్చి కిటికీలన్నీ తీయించాడు. ఆ బుడగలు హైడ్రోజన్. మూత బిగిస్తే పేలుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చట.
కాబట్టి స్టీలే. మూతకు ఆవిరి పోయే రంధ్రాలు.
పావని ఇవాళ రాలేదు. జ్వరమేమో.

నవంబరు 10
జ్వరం కాదు. మదనపల్లెలో హాస్టల్ ఉన్న ప్రైవేటు బడిలో చేర్చారట. ఊరంతటికీ తెలుసు. నాకే చెప్పలేదు.

నవంబరు 21
మదనపల్లెలో సైన్స్ ఫెయిర్.
నా టేబుల్‌కు ఎదురు వరసలో పావని. కొత్త యూనిఫాం, టై. ముందు ఒక డబ్బా. అడుగున సున్నం, పైన గిన్నె. బోర్డు మీద 'మంట లేని సురక్షిత ఫుడ్ హీటర్'. ఆ పేరు కూడా నేను పెట్టిందే.
జడ్జి మేడమ్ ఇద్దరినీ పిలిచి ఎవరిని చూసి ఎవరు చేశారని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పావని గడగడా చెప్పింది — ఐడియా తనదేనట. మా పుంగనూరు బడిలో ఉన్నప్పుడు నేను సాయం చేసేదాన్నట.
సాయం.
కుప్పంలో జరిగే పోటీకి పావని సెలెక్టు. నాకు ఒక సర్టిఫికెట్.

అదే రోజు, ఇంటికొచ్చాక
ఇప్పుడు బుర్రలో వెలిగింది. దాని డబ్బా అల్యూమినియం. తళతళా మెరుస్తోంది. ఈరోజు సున్నం చిటికెడే వేసింది, మూత ఊరికే పైన పెట్టింది. అందుకే గడిచిపోయింది.

నవంబరు 22
ఎవరికీ చెప్పను.

నవంబరు 25
రెడ్డప్ప సార్‌తో దొంగతనం గురించి చెప్పాను. అల్యూమినియం సంగతి చెప్పలేదు. పెద్ద బడులతో మనం కొట్లాడలేం, వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు. పోటీ చూడ్డానికి మా క్లాసును కుప్పం తీసుకెళ్తాడట.
వెళ్తాను. తప్పకుండా వెళ్తాను.

నవంబరు 29
అమ్మ ఫోనుకు పావని ఫోను. కట్ చేద్దామనుకుంటూనే విన్నాను. డబ్బా లోపల నల్లబడుతోందట, బుడగలు వస్తున్నాయట. "మూత గట్టిగా ఉంటే ఇంగా బాగా కాగుతుందని క్లిప్పులు పెట్టించినా మే. ఈ బుడగలు మామూలేనా? నీకు తెలిసుంటాది."
చేసినదానికి ఒక్క మాట లేదు. తప్పయిందని లేదు, ఏమీ లేదు.
"మామూలే" అన్నాను.
ఫోను పెట్టేశాక బాగా ఆకలేసింది. ఎన్నాళ్లకో.

డిసెంబరు 2
కళ్లు మూసుకుంటే అదే. మూత ఎగిరి పైకప్పుకు తగులుతుంది. ఆ టై మీద సాంబారు. జడ్జీల చొక్కాల మీద సున్నం. హాలంతా నవ్వు... ఎన్నిసార్లు చూసుకున్నా తనివి తీరడం లేదు.
కళ్ల గురించి సార్ చెప్పిన మాటను మాత్రం అందులోకి రానివ్వడం లేదు.

డిసెంబరు 4
పలమనేరు మీదుగా కుప్పం. పొద్దున్నే బస్సు. దారంతా కిటికీ పక్కన నేనే.
స్టేజీ ముందు నేల మీద పరిచిన పట్టాల మీద రామకుప్పం వైపు నుంచి వచ్చిన చిన్న పిల్లలు. పావని వంతు. టేబుల్ స్టేజీ కిందే, వాళ్ల ముందే. డబ్బాలో సున్నం నిండుగా పోసింది. క్లిప్పుల మూత పక్కన సిద్ధంగా పెట్టుకుంది. నీళ్ల గ్లాసు ఎత్తింది. బాగా కనబడాలని పిల్లలు మోకాళ్ల మీద లేచి టేబుల్ దాకా జరిగారు. వాళ్ల ముఖాలు సరిగ్గా డబ్బా ఎత్తుకు.
ఎప్పుడు లేచానో తెలియదు.
"నీళ్లు పోయొద్దు. అది అల్యూమినియం. మూత బిగిస్తే పేలుతుంది."
జడ్జి గ్లాసు లాక్కున్నాడు. సున్నం ఒంపించి లోపల చూశాడు. అన్నీ గుంటలే. ముందే చూసుకోలేదా అని పావనిని అడిగాడు. అందరి ముందు దాని ముఖం తెల్లగా పాలిపోయింది. నాకు కావలసింది అదే. కళ్లారా చూశాను. 
అప్పుడు చెయ్యి ఎత్తి నన్ను చూపించింది. "సూసినా సార్. దాన్నే అడిగినా. మామూలే అనింది."
హాలంతా నా వైపు తిరిగింది. నిజమేనా అమ్మా అన్నాడు జడ్జి. తలూపాను. రెడ్డప్ప సార్ నేల చూపులు చూస్తున్నాడు.
దాన్ని పోటీలోంచి తీసేశారు. తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీ.

డిసెంబరు 5
సార్ తిట్టలేదు. తిడితే బాగుండేది. "నీకు కోపం రాకుండా ఎట్లుంటాది, వస్తాది. కానీ ఆ హాస్టల్లో అది చేసి సూసేటప్పుడు సుట్టూ ఎంతమంది పిల్లోళ్లు ఉండిరో అడిగినావా?"
అడగలేదు.
సరే. మరి ఆ డబ్బా ఐడియా ఎవరిదో ఎవరూ అడగరేం?

డిసెంబరు 7
ఆదివారం, అమ్మ ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం పావని వచ్చింది. ఒక్కతే. అమ్మకు కుప్పం సంగతి తెలియదు. ఎన్నాళ్లకొచ్చినావు తల్లీ అని కూర్చోబెట్టి సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. తలొంచుకుని తింది. నేను గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాను.
వాకిట్లో చెప్పులేసుకుంటూ, ఐడియా తనది కాదు, నాదేనని వాళ్ల బడిలో చెప్పేశానంది.  అది పోకుండా అక్కడే ఉంది.
"ఒకటి సెప్పు. ఆ పొద్దు నువ్వు లేసింది నా కోసమా, ముందర కూసోనుండే పిల్లోళ్ల కోసమా?"
"పిల్లల కోసమే."
తలూపి వెళ్లిపోయింది.
అది నిజమా... లేక దాని మనసును ఇంకొంచెం కాల్చాలని అన్నానా... ఇంతసేపటి నుంచి ఆలోచిస్తున్నాను. వీధి చివరిదాకా వెనక్కి తిరిగి చూస్తూనే పోయింది. నేను పిలవలేదు.