గులాబీ రంగు తెల్లసొన

నాతో పేచీకి ఎప్పుడూ సిద్ధంగా ఉండే బావకి,

"నూనె చూసి చెట్టుకి ఇంటిపేరు పెడతావటే?" అని నవ్వి ఫోన్ పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. ఇప్పుడు చివరిదాకా వినక తప్పదు.

వృక్షశాస్త్రవేత్తవై ఉండీ ఆకు ఒక్కటే చూసి, కోళ్లఫారం వాళ్లు అడిగిన చెట్టు ఏ హానీ లేని కుటుంబానిదని ధ్రువపత్రం ఇచ్చావు. వాళ్లు దాన్ని నమ్మి ఆ చెట్టు గింజల్లో నూనె తీయగా మిగిలిన చెక్క కోళ్లకి మేపారు. చల్లగదిలో నెల నిలవున్న గుడ్లు పగలగొడితే తెల్లసొన గులాబీ రంగు! యజమాని నీ సంతకాన్ని అనుమానించాడా? లేదు. మేత వేసే ఆవిడ ఏదో మందు కలిపిందని అందరి ముందూ పనిలోంచి తీసేశాడు. సోమవారం విచారణట. వీళ్లకి తప్పెప్పుడూ కింది మెట్టు మీదే దొరుకుతుంది.

ఆ గింజల నూనెలో గంధకపు ద్రావణం కలిపి వేడిచేశాను. ఎర్రబడింది. రంగుతో ఆగలేదు, మా ల్యాబ్ యంత్రంలోనూ చూశాను. పత్తి, మందార బంధువుల గింజల్లో ఉండే వింత కొవ్వు ఆమ్లం అది. సొనకి రంగు తెచ్చిందీ అదే.

ఇక నోట రాని మాట. చెక్క మేపొచ్చని మా ల్యాబ్ ఇచ్చిన కాగితం మీద సంతకం నాది. నూనె పరీక్షించనేలేదు. బావ చెప్పాడుగా అనుకున్నాను. పెద్దరికాన్ని నిలదీయమని ఊరందరికీ ఉపన్యాసాలిచ్చే నేను! చెబితే నా ఉద్యోగం ఉండదు. చెప్పకపోతే ఆవిడది ఉండదు. ముందు నీ పత్రం వెనక్కి తీసుకో బావా.

నీ గయ్యాళి మరదలు

*

బావా,

నీ జవాబు శనివారం అందింది. ఆ చెట్టు ఎండుమొగ్గ ఉడికించి విప్పి చూశావు, మందార కుటుంబమేనని ఒప్పుకున్నావు, పత్రం వెనక్కి తీసుకున్నావు. "యజమాని దిగొచ్చాడు. ఆవిణ్ని గుట్టుగా పనిలోకి తీసుకుంటాడు. విచారణ లేదు, నువ్వు నోరు విప్పక్కర్లేదు" అని రాశావు. నిజం చెప్పనా? ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రమే ఆవిడ మేపొచ్చన్న ఆ కాగితం పట్టుకుని మా ల్యాబ్‌కి వచ్చింది. "ఈ సంతకం ఎవరిదండీ?"

"నాదే. పరీక్ష చెయ్యకుండా పెట్టాను."

తిట్టలేదు. "మందు కలిపానని అందరి ముందూ అన్నారు. గుట్టుగా నేను రానని, విచారణ జరగాల్సిందేనని చెప్పేశాను. సోమవారం మీరొచ్చి ఆ మాటే అనండి" అంది.

వెళ్లాను, చెప్పాను. ఆవిడ పని ఆవిడకి వచ్చింది. మధ్యాహ్నానికి ల్యాబ్ తాళంచెవి నా దగ్గర్నుంచి తీసుకున్నారు. కానీ అసలు మంట అది కాదు. "మేడమ్‌ది ఎంత పెద్ద మనసు!" అని యజమాని నన్ను పొగిడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మొదట్నుంచీ నిజమే చెప్పిన మనిషి ఆ చప్పట్ల మధ్య చేతులు కట్టుకుని నిలబడింది.

ఫారం గేటు దాటాక గానీ తట్టలేదు, ఆవిణ్ని క్షమించమని ఒక్కళ్లమూ అడగలేదని. నేనూ అడగలేదు.

వెనక్కి తిరిగి లోపలికి వెళ్లాను.

నీ మరదలు