పల్లంరాజుకి వేసిన గంధం దండ

నరసాపురం,
29-12-1997.

చిరంజీవి సౌభాగ్యవతి వరహాలక్ష్మికి భాస్కరం ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, పెరట్లో కరివేపాకు మొక్కా, నువ్వు జాడీల్లో పెట్టి వెళ్ళిన పచ్చళ్ళూ క్షేమం. పచ్చళ్ళు కొంచెం తగ్గాయి. అక్కడ రాజమండ్రిలో నువ్వు, అమ్మాయి అలేఖ్య, అల్లుడుగారు, కొత్తగా వచ్చిన మనవరాలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. పిల్ల ముక్కు నాలా ఉందని రాశావు. పెరిగేకొద్దీ మారుతుందిలే, బెంగపెట్టుకోకు.

ఇక నీ ప్రశ్నలు. అన్నం రెండు పూటలా నేనే వండుకుంటున్నాను. ఒక్కసారే మాడింది. గ్యాస్ కట్టేసే పడుకుంటున్నాను. "ఈసారైనా సభలో అయిదు నిమిషాల్లో ముగించారా?" అని అడిగావు. లేదు. ఎందుకు ముగించలేదో చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం.

మన పఠన మందిరంలో డిసెంబరు ఆఖరి ఆదివారం ఆ ఏడు పోయినవాళ్ళని తలుచుకునే సభ నేను మొదలుపెట్టిందే కదా. ఢిల్లీ, కలకత్తా పెద్దవాళ్ళకి పేపర్లున్నాయి, మన చుట్టుపక్కల పెద్దవాళ్ళకి మనమే ఉన్నామని. ఫోటో పెట్టి, దండ వేసి, తెలిసినవాళ్ళొకరు మాట్లాడాలి.

నిన్న ముందు లోవమ్మగారు. మూడొందల మంది ఆడపిల్లలకి లేసు అల్లడం నేర్పిన మనిషి. శిష్యురాళ్ళు తలా ఒక పువ్వు అల్లి తెచ్చి, అక్కడికక్కడే కలిపి కుట్టి ఫోటో కింద పరిచారు. మన అలేఖ్యకి నేర్పబోయి ఆవిడ దణ్ణం పెట్టేసిన సంగతి కూడా ఎవరో చెప్పారు. తరవాత పడవలు కట్టిన వీరబ్రహ్మంగారు. ఆయన కట్టిన పడవ ఒక్కటీ మునగలేదని కొడుకు చెబుతుంటే, "ఒకటి మునిగిందండి, నేనందులోనే ఉన్నానండి" అంటూ పడవ నడిపే ఓ సరంగు లేచాడు. ఆ తరవాత లెక్కల మాస్టారు భీమరాజుగారు. ఆయన బెత్తం రుచి చూసినవాళ్ళు చెయ్యెత్తమంటే సభంతా ఎత్తింది, అధ్యక్షుడితో సహా.

నాలుగో ఫోటో మన హార్మోనియం పల్లంరాజుది. కంగారుపడకు, పూర్తిగా చదువు.

నా చిన్ననాటి స్నేహితుడే అయినా రాజుకీ నాకూ పదకొండేళ్ళుగా మాటల్లేవని నీకు తెలుసు. వాడు ఏటి అవతల సఖినేటిపల్లిలో ఉంటాడు కాబట్టి కబుర్లూ అందవు. మొన్న గురువారం లోవమ్మగారి ఫోటో కోసం స్టూడియోకి వెళితే, గోడకి ఆనించి రాజు ఫోటో ఉంది. ఇంత పెద్దది, ఫ్రేము కట్టి, గంధం దండ వేసి. అంత స్నేహితుడు ఎప్పుడు పోయాడో స్టూడియో అతన్ని అడగాలంటే సిగ్గేసింది. సభకి పట్టుకెళతానంటే, "మీ స్నేహితులే కదండీ, తీసుకెళ్ళండి" అన్నాడు. ఏరు దాటించే పంటెక్కి వాళ్ళింటికి పలకరింపుకి వెళ్ళే మొహం లేదు నాకు. సభలోనే మాట్లాడదామనుకున్నాను.

నలభై నిమిషాలు మాట్లాడాను. మధ్యలో వెనక బెంచీల్లో కిసకిసలు. నాకు ఒళ్ళు మండింది. "పోయినవాడి గురించి చెబుతుంటే నవ్వొస్తోందా మీకు?" అని అరిచాను.

"ఒరేయ్ భాస్కరం, ఆ టార్పాలిన్ సంగతి ఇంకోసారి చెప్పరా. నేను ఆలస్యంగా వచ్చాను" అని ఓ గొంతు వినిపించింది.

గుమ్మంలో చేతిసంచితో పల్లంరాజు!

జరిగిందేమిటంటే, తను పోయాక కొడుకులు ఏ పెళ్ళి ఫోటోలోంచో తన తల కత్తిరించి పెద్దది చేయిస్తారని వాడి భయం. అందుకని తనే ఫోటో దిగి, ఫ్రేము కట్టించి, దండతో సహా సిద్ధం చేయించుకున్నాడు. నిన్న పట్టుకెళదామని ఏరు దాటి వస్తే, "మీ ఫోటో పఠన మందిరానికి వెళ్ళిందండి" అన్నాడట స్టూడియో అతను. సభంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. నేను మాత్రం ఏడ్చేశాను, లక్ష్మీ. వాడు బతికున్నాడన్న సంతోషం అంత పని చేసింది.

ఇప్పుడు, సభలో నేను ఒప్పుకున్న ఆ టార్పాలిన్ సంగతి. పదకొండేళ్ళ కిందట నాటకం ఆడి తిరిగి వస్తుంటే పంటు మీద వాన పట్టుకుంది. రాజు సరంగుతో మాట్లాడుతూ అటు చివర ఉన్నాడు. హార్మోనియం పెట్టె మీద టార్పాలిన్ పట్టుకోమని నాకు అప్పజెప్పాడు. నేను నువ్వు కుట్టించిన పట్టు లాల్చీ వేసుకుని ఉన్నాను. తడిస్తే నువ్వు ఊరుకోవని, టార్పాలిన్ తీసి నా నెత్తిన కప్పుకున్నాను. ఒడ్డుకి చేరేసరికి పెట్టె నిండా నీళ్ళు. "మూత నువ్వే సరిగ్గా వెయ్యలేదు" అని వాడి మీదే తోసేశాను. వాడు పొడిగా ఉన్న నా లాల్చీ వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

నీకూ ఆ అబద్ధమే చెప్పాను. నువ్వది నమ్మి, ఓ పెళ్ళిలో నలుగురి ముందు, "తప్పు మీదైతే మా ఆయన మీద అలగడమేంటండీ, అన్నయ్యగారూ?" అని కడిగేశావు. అప్పుడూ వాడు నోరు విప్పలేదు. విప్పితే నీ ముందు నా పరువు పోతుందని ఊరుకున్నాడట. నిన్న చెప్పాడు.

సభ అయ్యాక ఇంటికి రమ్మంటే మన అరుగు దాకా వచ్చి ఆగిపోయాడు. "ఊరందరి ముందూ ఒప్పుకున్నావు సరే. మా చెల్లెమ్మకి చెప్పావా? ముందు ఆవిడకి రాయి. ఆవిడ రమ్మంటేనే గుమ్మం తొక్కుతాను" అన్నాడు. ఫోటో నా చేతిలో పెట్టి, దండ మాత్రం తీసి సంచిలో వేసుకున్నాడు. "ఇది నాదిరా, మళ్ళీ పనికొస్తుంది" అని.

ఇప్పుడా ఫోటో బల్ల మీద నాకెదురుగా ఉంది. ఈ ఉత్తరం రాస్తున్నంతసేపూ నన్నే చూస్తోంది. ఆ హార్మోనియం రెండు మెట్లు తప్ప బాగానే పలుకుతోందట. మనవరాలి బారసాలకి పట్టుకొస్తావా అంటే, "చెల్లెమ్మ మాట" అన్నాడు. నా మీద కోపం ఎన్నాళ్ళైనా ఉంచుకో, నోరెత్తను. వాడికి మాత్రం ఓ కార్డు ముక్క రాసెయ్యి, రమ్మని.

ఇట్లు,
ఆ రోజు తడవని నీ భర్త,
భాస్కరం.